ఒంటరిగా బండిపై ఇంగ్లండ్ పల్లెలు, తీరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

లండన్‌లో మోటారు సైకిల్ అద్దెకు తీసుకొని, ఇంగ్లండ్ పల్లెలనూ సముద్ర తీరాలనూ 14 రోజుల పాటు ఒంటరిగా చుట్టి వచ్చిన తరువాత, హైదరాబాదు, విజయవాడల్లోని మిత్రులూ ఇంగ్లండ్‌లోనే చదువుకుంటున్న కొందరు విద్యార్థులూ పదే పదే అడిగిన ప్రశ్నలకు ఇచ్చిన సమాధానాలివి. ఇక్కడ చెప్పిన దారులన్నీ ఇంగ్లండ్‌వే. వేల్స్, స్కాట్లండ్ దారుల జోలికి పోలేదు.

మన లైసెన్సుతో అక్కడ బండి నడపవచ్చా?

నడపవచ్చు. సందర్శకులుగా వెళ్ళినవారు తమ దేశంలో పొందిన పూర్తి స్థాయి లైసెన్సుతో, గ్రేట్ బ్రిటన్‌లో అడుగుపెట్టిన నాటి నుంచి 12 నెలల వరకు, ఆ లైసెన్సు అనుమతించే కారునో మోటారు సైకిల్‌నో నడపవచ్చు. మీ కార్డులో గేర్లున్న మోటారు సైకిల్ తరగతి తప్పక ఉండాలి. కారుకు మాత్రమే లైసెన్సు ఉన్నవారికి ఈ వెసులుబాటు పనికిరాదు. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను అద్దెకిచ్చేవారో బీమావారో అడిగే అవకాశం ఉన్నందువల్ల, బయలుదేరే ముందే ఆర్టీఓ కార్యాలయంలో తీసుకొని ఉంచుకోవడం మేలు. ఫోన్‌లోని డిజీలాకర్ ప్రతిని నమ్ముకొని వెళ్ళకండి, అసలు కార్డు జేబులో ఉండాలి.

మన బండిని ఓడలో పంపించుకోవచ్చు కదా?

రెండు వారాల యాత్రకు ఆ ఖర్చు, ఆ కాగితాల తతంగం ఎంతమాత్రం గిట్టుబాటు కావు. అద్దె బండే తీసుకోండి. బండి వయసు, మీ వయసు, మీ అనుభవం విషయంలో ఒక్కో సంస్థకు ఒక్కో నిబంధన ఉంటుంది. సంతకం పెట్టే ముందు చూడవలసింది ఒక్కటే: ప్రమాదం జరిగినా, దొంగతనం జరిగినా బీమా చెల్లించే ముందు మీ జేబులోంచి ఎంత పోతుందన్నది. రోజువారీ అద్దె చవకగా కనిపించిన చోట ఈ మొత్తం చాలా ఎక్కువగా ఉండటం నేను గమనించాను.

బండి విషయంలో నా సలహా చాలామందికి రుచించదు. పెద్ద అడ్వెంచర్ బండ్లు ఫొటోల్లో బాగుంటాయి గానీ, ఒంటరి ప్రయాణికుడికి 400 నుంచి 700 సీసీ మధ్య తేలికైన బండి చాలు. పడిపోతే ఎత్తడానికి పక్కన ఎవరూ ఉండరన్న సంగతి షోరూములో గుర్తుకు రాదు.

ఏ నెలలో వెళ్ళాలి?

మే మధ్య నుంచి జూన్ చివరి వరకు అనుకూలమైన కాలం. జూన్ మూడవ వారంలో లండన్‌లో రాత్రి 9 గంటల 20 నిమిషాల ప్రాంతంలో సూర్యాస్తమయం అవుతుంది, ఉత్తరాన నార్తంబర్లండ్‌లో అంతకంటే అరగంట ఆలస్యంగా పొద్దుగుంకుతుంది. కనుక చీకట్లో బండి నడపవలసిన అవసరమే రాదు. జూలై చివరి వారం నుంచి సెప్టెంబరు ఆరంభం వరకు అక్కడ బడి సెలవులు. ఆ రోజుల్లో కార్న్‌వాల్ వైపు వెళ్ళే దారులన్నీ కార్లతో, వాటి వెనుక లాగుకుపోయే క్యారవాన్‌లతో నిండిపోతాయి, బసల ధరలు కూడా పెరుగుతాయి. సెప్టెంబరు రెండవ వారం నుంచి మళ్ళీ బాగుంటుంది.

వాన మాత్రం ఏ నెలలోనైనా తప్పదు. అయితే అది మన జడివాన కాదు. కుంభవృష్టి కురిసి గంటలో తెరిపినివ్వడం అక్కడ అరుదు, మన శ్రావణ మాసపు ముసురులా పూటంతా సన్నగా పడుతూనే ఉంటుంది. పడమటి కొండల్లో వాన ఎక్కువ, తూర్పు తీరంలో తక్కువ. లేక్ డిస్ట్రిక్ట్‌లోని సీత్‌వెయిట్ అనే ఊళ్ళో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వర్షపాతం నమోదవుతుంది. వాన వెలిసే దాకా ఆగితే యాత్ర ముగియదు కనుక, తడవని బట్టలు వేసుకొని వెళ్ళడం ఒక్కటే మార్గం.

రోజుకు ఎన్ని కిలోమీటర్లు వేసుకోవాలి?

ఈ ఒక్క ప్రశ్నకు సరైన సమాధానం తెలియకనే చాలామంది యాత్ర పాడుచేసుకుంటారు. హైదరాబాదు నుంచి విజయవాడకు పొద్దున బయలుదేరి మధ్యాహ్నం భోజనానికి చేరే అలవాటున్న మనకు, పటంలో 250 కిలోమీటర్ల దూరం ఒక పూట పనిలా కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో మోటార్‌వే మీద అది నిజంగానే ఒక పూట పని. కానీ మోటార్‌వే మీద ఇంగ్లండ్ కనిపించదు, లారీల వెనుక తలుపులు కనిపిస్తాయి.

అక్కడి రోడ్ల పేర్లే మీకు దారి చెబుతాయి. ఎమ్ అక్షరంతో మొదలయ్యేవి మోటార్‌వేలు, ఏ అక్షరానివి ప్రధాన రహదారులు, బీ అక్షరానివి చిన్న రోడ్లు, ఆ కిందివి నంబరు లేని పల్లె దారులు. అంకెల సంఖ్య పెరిగే కొద్దీ సాధారణంగా రోడ్డు చిన్నదవుతుంది, చూడదగినవి పెరుగుతాయి. బీ రోడ్ల మీద, మలుపులు, ఊళ్ళు, ట్రాక్టర్లు, గొర్రెలు, టీ కోసం ఆగడాలు అన్నీ కలుపుకొని గంటకు సగటున 45 కిలోమీటర్లు దాటడం కష్టం. రోజుకు 180 నుంచి 220 కిలోమీటర్లు వేసుకోండి. మొదటి మూడు రోజులు నేను 320 చొప్పున వేసుకొని, డార్సెట్ తీరంలో ఆగవలసిన నాలుగు చోట్లలో మూడింటిని దాటేసి, రాత్రి బసకు చేరాక పటం చూసుకొని బాధపడ్డాను. బోర్డుల మీద దూరం, వేగం రెండూ మైళ్ళలోనే ఉంటాయి. మైలు అంటే 1.6 కిలోమీటర్లు. బోర్డు మీద 40 అని చూసి అరగంటలో చేరుతామనుకోవద్దు.

ఏ దారిన వెళ్తే బాగుంటుంది?

నేను తిరిగిన వలయం సుమారు 2,500 కిలోమీటర్లు. లండన్ నుంచి సర్రే కొండల మీదుగా డార్సెట్, అక్కడి నుంచి డెవన్, కార్న్‌వాల్, ఎక్స్‌మూర్, చెడర్ లోయ, కాట్స్‌వోల్డ్స్, పీక్ డిస్ట్రిక్ట్, లేక్ డిస్ట్రిక్ట్, నార్తంబర్లండ్ తీరం, యార్క్‌షైర్‌లోని విట్‌బీ, నార్ఫోక్, తిరిగి లండన్. ఒక వారమే ఉంటే ఉత్తరాన్ని వదిలేసి కార్న్‌వాల్ దాకా వెళ్ళి రండి. రెంటినీ ఏడు రోజుల్లో కుక్కవద్దు.

అన్ని చోట్ల గురించీ రాస్తే ఇది గ్రంథమవుతుంది కనుక, నాకు మళ్ళీ వెళ్ళాలనిపించే ఒక్క రోడ్డు గురించి చెబుతాను. డార్సెట్‌లో వేమత్ నుంచి బ్రిడ్‌పోర్ట్ వైపు వెళ్ళే బీ3157 రోడ్డు ఆబట్స్‌బరీ అనే ఊరి దాకా మామూలుగానే ఉంటుంది. తేనె రంగు రాతి ఇళ్ళు, కొన్నిటికి గడ్డి కప్పులు, ఊరి మధ్య రోడ్డు ఇరుకై ఎదురొచ్చే బస్సుకు దారివ్వక తప్పని మలుపులు. ఊరు దాటగానే రోడ్డు నిటారుగా కొండెక్కుతుంది. పైకి చేరాక బండి పక్కకు ఆపి వెనక్కి తిరిగి చూడాలి. ముందుకే చూస్తూ పోయేవారికి అసలు దృశ్యం దక్కదు. కింద 18 మైళ్ళ పొడవైన చెసిల్ గులకరాళ్ళ గట్టు గీత గీసినట్టు పోర్ట్‌లండ్ దాకా సాగిపోతూ ఉంటుంది. గట్టుకు ఒక పక్క సముద్రం, మరో పక్క కదలిక లేని ఉప్పు కయ్య. రెండింటి నీటి రంగూ వేరు. యునెస్కో 2001లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించిన జురాసిక్ తీరంలో ఇది ఒక భాగం.

ఇక కార్న్‌వాల్‌లో సెయింట్ ఐవ్స్ నుంచి సెయింట్ జస్ట్‌కు వెళ్ళే బీ3306, యార్క్‌షైర్‌లో బటర్‌టబ్స్ కనుమ, లేక్ డిస్ట్రిక్ట్‌లో కర్క్‌స్టన్ కనుమ, పెన్రిత్ వైపు నుంచి ఆల్‌స్టన్‌కు హార్ట్‌సైడ్ మీదుగా ఎక్కే ఏ686 రోడ్డు కూడా వదులుకోదగినవి కావు. హార్ట్‌సైడ్ శిఖరం మీద బండ్లవాళ్ళు చేరే పాత కేఫ్ 2018లో అగ్నికి ఆహుతైంది గనుక టీ మాత్రం ముందే తాగి ఎక్కండి.

పల్లె దారులు నిజంగా అంత ఇరుకా?

మన పల్లెల్లో చేలకు వెళ్ళే డొంకను గుర్తు తెచ్చుకోండి. దానికి తారు వేసి, రెండు పక్కలా మనిషి ఎత్తు గట్లు పోస్తే డెవన్, కార్న్‌వాల్ దారి అవుతుంది. అక్కడ హెడ్జ్ అంటే పొదల వరస మాత్రమే కాదు, కార్న్‌వాల్‌లో అది రాళ్ళు పేర్చి నడుమ మట్టి నింపిన గోడ, దాని మీద పొదలు మొలిచి ఉంటాయి. ఆకుపచ్చగా మెత్తగా కనిపిస్తుంది గానీ తగిలితే రాయే తగులుతుంది. దారి మధ్యలో టైర్లు నలపని చోట గడ్డి, సన్న కంకర పేరుకొని ఉంటాయి కనుక, బండిని ఏదో ఒక చక్రాల జాడలోనే నడపాలి.

ఇలాంటి దారుల మొదట్లో కూడా తెల్లని గుండ్రటి బోర్డు మీద నల్లని ఏటవాలు గీత కనిపించవచ్చు. జాతీయ వేగ పరిమితి వర్తిస్తుందని దాని అర్థం, అంటే మధ్యలో డివైడరు లేని రోడ్డు మీద గంటకు 60 మైళ్ళు. ఆ వేగంతో వెళ్ళమని కాదు. కనిపించినంత దూరంలో, ఎదుటివాడికి కూడా చోటు మిగిల్చి ఆగగలిగిన వేగమే అక్కడ సరైన వేగం.

నా బండి పడింది ఇలాంటి దారిలోనే. సెయింట్ జస్ట్ దాటాక సముద్రం వైపు దిగే ఒక దారిలో ఎదురుగా ట్రాక్టర్ వచ్చింది. మర్యాదగా గట్టు పక్కకు జరిగి, ఎడమ కాలు కింద పెట్టబోయాను. గడ్డి కింద నేల ఉందనుకున్న చోట వాన నీరు పారే జానెడు కాలువ ఉంది. కాలికి నేల తగిలే లోపే బండి నెమ్మదిగా, ఏ మాత్రం తొందర లేకుండా, ఎడమ వైపుకు ఒరిగిపోయింది. ట్రాక్టర్ నడిపే పెద్దాయన దిగి, నాతో పాటు ఒక చెయ్యి వేసి బండిని లేపి, వంగిన క్లచ్ లీవరును ఒకసారి లాగి చూసి, అది పనిచేస్తుందని చెప్పి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి పక్కకు జరగడం మానేసి, కాలు మోపే నేల కంటికి కనిపించే చోటే ఆగుతున్నాను. ఎదుటి వాహనమే వెనక్కి వెళ్ళవలసి వచ్చినా అక్కడివారు విసుక్కోరు. దాటిన తరువాత చెయ్యెత్తి కృతజ్ఞత తెలపడం మాత్రం మరవకూడదు.

కొండ దారులు మన ఘాట్ రోడ్ల కన్నా కష్టమా?

ఎత్తులో కాదు, వాలులో కష్టం. మన ఘాట్ రోడ్డు కొండను చుట్టుకుంటూ మెల్లగా ఎక్కుతుంది, అక్కడి పాత దారులు చాలావరకు తిన్నగా ఎక్కేస్తాయి. ఎక్స్‌మూర్‌లో ఏ39 మీది పోర్లాక్ కొండ వాలు నాలుగుకు ఒకటి, అంటే 25 శాతం. లేక్ డిస్ట్రిక్ట్‌లోని హార్డ్‌నాట్ కనుమ వాలు మూడుకు ఒకటి, దాని మీద ఒక వాహనానికి సరిపడే వెడల్పు, వెంట్రుక పిన్నులాంటి మలుపులు. పోర్లాక్‌ను మొదటి గేరులో నింపాదిగా ఎక్కవచ్చు, వద్దనుకున్నవారికి అడవిలోంచి మెల్లగా ఎక్కే సుంకపు దారి పక్కనే ఉంది. చిన్న రుసుము చెల్లించి అటు వెళ్ళడంలో నామోషీ ఏమీ లేదు. హార్డ్‌నాట్‌ను మాత్రం లగేజీతో, వానలో, ఒంటరిగా ప్రయత్నించవద్దనే నా మాట. నేను దాని అడుగు దాకా వెళ్ళి, ముందున్న కారు మలుపులో ఆగి వెనక్కి జారడం చూసి, బండి తిప్పుకొని వచ్చాను.

వాలులో ఆగవలసి వస్తే కుడి కాలు వెనుక బ్రేకు మీద, ఎడమ కాలు నేల మీద ఉండాలి. ముందు బ్రేకు ఒక్కటే పట్టుకొని నిలబడితే చక్రం బిగిసిపోయినా బండి వెనక్కి జారవచ్చు.

సముద్రపు పోటు గురించి అంతగా హెచ్చరిస్తారెందుకు?

నార్తంబర్లండ్‌లోని హోలీ ఐలండ్ వల్ల. లిండిస్‌ఫార్న్ అని కూడా పిలిచే ఈ ద్వీపానికి వెళ్ళే రోడ్డు, వాగు మీది చప్టాలాగా, రోజుకు రెండుసార్లు నీట మునుగుతుంది. సురక్షితంగా దాటగల వేళలు దారి మొదట్లో బోర్డు మీద, కౌంటీ మండలి పట్టికలోనూ ఉంటాయి, అవి ప్రతిరోజూ మారుతాయి. దారి మధ్యలో స్తంభాల మీద ఒక చిన్న కొయ్య గది నిలబెట్టి ఉంటుంది. నీళ్ళలో చిక్కుకున్నవారు ఎక్కి ప్రాణాలు కాపాడుకోవడానికి కట్టిన గది అది. ఇంకా పది నిమిషాలుంది కదా అని బయలుదేరడం తెలివితక్కువ పని.

వేళలోపు వెళ్ళినా రోడ్డు మీద ఇసుక, నాచు, ఉప్పు నీటి గుంటలు ఉంటాయి. మెల్లగా వెళ్ళి, ఆ సాయంత్రమే చైనును, బ్రేకు డిస్కులను మంచినీటితో కడిగి, చైనుకు నూనె వేయాలి.

మనకు కొత్తగా అనిపించే ట్రాఫిక్ నియమాలు ఏవి?

ఎడమ వైపే నడవాలి కనుక అతి పెద్ద ఇబ్బంది తీరినట్టే. మిగిలినవాటిలో హారన్ మొదటిది. అరకు ఘాట్‌లో ప్రతి మలుపుకూ హారన్ కొట్టడం మనకు మర్యాద, అక్కడ అకారణంగా కొడితే తిట్టినట్టు. ఆగి ఉన్నప్పుడు కొట్టకూడదు, జనావాసాల్లో రాత్రి 11:30 నుంచి ఉదయం 7 వరకు అసలే కొట్టకూడదు. హెడ్‌లైటు మినుకుమనిపిస్తే మన దగ్గర నేను వస్తున్నాను, తప్పుకో అని అర్థం. అక్కడ చాలామంది నువ్వు ముందు వెళ్ళు అనడానికి వాడతారు. ఈ తేడా తెలియక ఎదురెదురుగా ఇద్దరూ ఆగిపోయిన సందర్భాలు నాకు రెండు ఉన్నాయి. చివరికి తోచని పక్షంలో ఆగడమే క్షేమం.

రౌండ్‌అబౌట్ దగ్గర కుడి నుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలి, ఇది కాగితం మీది నియమం కాదు, అందరూ పాటిస్తారు. గుర్రాల మీద వెళ్ళేవారు కనిపిస్తే గంటకు 10 మైళ్ళకు మించకుండా, కనీసం 2 మీటర్లు ఎడంగా దాటాలి. డార్ట్‌మూర్‌లో పొట్టి జాతి గుర్రాలు, గొర్రెలు కంచె లేని రోడ్ల మీద పడుకొని ఉంటాయి, వాటికి తిండి పెట్టకూడదు. పీక్ డిస్ట్రిక్ట్‌లో బక్స్‌టన్, మాకిల్స్‌ఫీల్డ్‌ల మధ్య క్యాట్ అండ్ ఫిడిల్ రోడ్డు వంటి చోట్ల రెండు కెమెరాల మధ్య సగటు వేగాన్ని కొలుస్తారు గనుక, కెమెరా దగ్గర బ్రేకు వేసి తరువాత లాగించే యుక్తి పనిచేయదు. లండన్ నడిబొడ్డుకు వచ్చే వాహనాల మీద వేసే రద్దీ రుసుము మోటారు సైకిళ్ళకు లేదు.

బంకుల్లో పెట్రోలు మీరే పోసుకోవాలి. ఆకుపచ్చ గొట్టం పెట్రోలుది, నల్లది డీజిలుది. లోపలికి డబ్బు కట్టడానికి వెళ్ళేటప్పుడు హెల్మెట్ తీసేయండి.

శాకాహారికి తిండి, రాత్రికి బస ఎలా?

బస కోసం పల్లెల్లో ఇళ్ళలోనే గదులిచ్చే బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్‌లు, పబ్బుల పై అంతస్తులోని గదులు, యూత్ హాస్టళ్ళు ఉంటాయి. గుడారం వేసుకోవాలంటే క్యాంపు స్థలానికే వెళ్ళాలి. స్థల యజమాని అనుమతి లేకుండా ఎక్కడపడితే అక్కడ వేయకూడదు. డార్ట్‌మూర్‌లోని ఉమ్మడి భూములు ఒక్కటే మినహాయింపు, ఆ హక్కును అక్కడి సుప్రీం కోర్టు 2025 మే నెలలో సమర్థించింది.

పొద్దున ఇచ్చే ఫలహారంలో మాంసం వద్దంటే ఉడికించిన బీన్స్ గింజలు, పుట్టగొడుగులు, టమాటా, బ్రెడ్డు, బంగాళాదుంప పెడతారు. మధ్యాహ్నానికి కార్న్‌వాల్‌లో జున్ను, ఉల్లిపాయ కూరిన పాస్టీ చాలు. పల్లె పబ్బుల్లో చాలాచోట్ల వంటగది మధ్యాహ్నం మూసి, సాయంత్రం తెరిచి, 9 లోపే కట్టేస్తారు. రాత్రి ఆలస్యంగా చేరితే బిస్కెట్లే గతి. కందిపొడి వెంట ఉంటే ఉడికించిన బంగాళాదుంప కూడా భోజనం అవుతుంది. ఆవకాయ మాత్రం సీసాలో పెట్టుకోవద్దు, దాని నూనె నా వాన కోటుకు ఇప్పటికీ వదలలేదు.

ఒంటరిగా వెళ్ళడం ప్రమాదం కాదా? విసుగు పుట్టదా?

ప్రమాదం ఉంది, అది మనుషుల వల్ల కాదు. ఎక్స్‌మూర్ లోయల్లో, లేక్ డిస్ట్రిక్ట్ కనుమల్లో ఫోన్ సిగ్నల్ ఉండదు. పటాన్ని ముందే ఫోన్‌లోకి దించుకోండి, వీలైతే అక్కడి ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే కాగితపు పటం ఒకటి కొనండి. అందులో రోడ్డు మీద జంట బాణాలుంటే వాలు 20 శాతానికి మించిందని అర్థం. ప్రతి రాత్రి మరుసటి రోజు దారిని ఇంట్లో ఒకరికి పంపండి. అత్యవసర నంబరు 999. ప్రయాణ బీమా పాలసీలో మీ బండి సీసీకి వర్తిస్తుందో లేదో చదవండి, చాలా పాలసీలు 125 సీసీ దాటితే అదనపు షరతులు పెడతాయి. అత్యవసర విభాగంలో చికిత్సకు రుసుము ఉండదు గానీ, ఆసుపత్రిలో చేర్చుకుంటే సందర్శకులు బిల్లు కట్టాలి.

విసుగు నాకు పుట్టలేదు. ఎదురొచ్చే ప్రతి బండివాడూ తల పంకిస్తాడు. ఎడమ వైపు నడిచే దేశంలో ఎదుటివారు కుడి పక్కన ఉంటారు, కుడి చెయ్యి యాక్సిలరేటర్ మీద ఉంటుంది, అందుకే చెయ్యి ఊపరు. ఆదివారాల్లో కర్బీ లాన్స్‌డేల్‌లోని డెవిల్స్ బ్రిడ్జ్ దగ్గరో, మాట్‌లాక్ బాత్‌లోనో ఆగితే, మీ బండి గురించి అడిగేవారు మీరు హెల్మెట్ తీయక ముందే చేరుతారు.

దారిలో తెలుగువారు చూడదగినవి ఏమైనా ఉన్నాయా?

మూడున్నాయి, మూడూ దారిలోనే పడతాయి. కాట్స్‌వోల్డ్స్ నుంచి పీక్ డిస్ట్రిక్ట్‌కు వెళ్ళేటప్పుడు రెడిచ్ పక్క నుంచే వెళ్తారు. రాయల్ ఎన్‌ఫీల్డ్ పుట్టిన ఊరు అదే. మన రోడ్ల మీది బుల్లెట్‌ను 1955 నుంచి మద్రాసులో తయారు చేయడం మొదలుపెట్టారు, ఇంగ్లండ్‌లో తయారీ ఆగిపోయిన తరువాత కూడా ఇక్కడ ఆగలేదు. రెండవది లండన్‌లోని కెన్సల్ గ్రీన్ శ్మశానవాటిక, 1884లో మరణించిన సి.పి. బ్రౌన్ సమాధి అక్కడ ఉంది.

మూడవది డార్కింగ్. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ చివరి రోజులు ఆ ఊళ్ళోనే గడిపి, 1899లో కన్నుమూశారు. సమాధి ఊరి శ్మశానవాటికలో ఉంది. విచిత్రమేమిటంటే, ఊరి పక్కనే ఉన్న బాక్స్ హిల్ దక్షిణ ఇంగ్లండ్ బండ్లవాళ్ళకు పేరుపడిన మజిలీ. అంటే లండన్ నుంచి బయలుదేరే మొదటి ఉదయమే, అదనంగా దూరం తిరగకుండా, రెండూ చూడవచ్చు. గోదావరి జిల్లాల వారైతే వెళ్ళకుండా ఉండలేరు. శ్మశానవాటికలోకి బండి తీసుకెళ్ళకుండా గేటు బయటే నిలిపి, బాక్స్ హిల్‌కు నెమ్మదిగా వెళ్ళండి, 2012 ఒలింపిక్స్ సైకిల్ పందెం జరిగిన దారి కావడంతో మలుపుల నిండా సైకిళ్ళే ఉంటాయి.